పి.పి. నంబర్

మా ఇంటి ఫోన్ నంబర్ ఊళ్ళో సగంమంది పెళ్ళిపత్రికల మీద అచ్చయ్యేది. నంబర్ పక్కనే పి.పి. అని రెండక్షరాలు. అది పర్టిక్యులర్ పర్సన్‌కి పొట్టిపేరనీ, ట్రంక్ కాల్ రోజుల నుంచి మిగిలిపోయిన మాటనీ ఇంజనీరింగ్‌కి వచ్చాకగానీ నాకు తెలీదు. అప్పటిదాకా పక్కింటి ఫోన్ అనుకున్నాను. నా అర్థమే బాగుందని ఇప్పటికీ అనిపిస్తుంది.

మొయినాబాద్ దాటి చేవెళ్ళ వైపు వెళ్తుంటే రోడ్డుకి రెండు పక్కలా మర్రిచెట్లు వస్తాయి కదా, ఆ వరసలో ఒకచోట పక్కకి తిరిగితే మా ఊరు. నాయిన కిరాణా దుకాణంలో ఓ మూల అద్దాల గది కట్టించి ఎస్టీడీ బూత్ పెట్టాడు. బయటికి చేసుకునే ఫోన్లకి మీటర్ ఉండేది, చిన్న కాగితం మీద బిల్లు వచ్చేది. బయటినుంచి వచ్చే ఫోన్లకి నేనుండేవాణ్ణి.

ఫోన్ మోగుతుంది. నాయిన ఎత్తి, ఎవరికి కావాలో అడిగి, "పది నిమిషాలాగి మళ్ళ చెయ్యి" అని పెట్టేస్తాడు. అవతలివాళ్ళకి అది ఎస్టీడీ, లైన్‌లో ఉంచితే డబ్బులు కాలిపోతాయి. నేను పరుగెత్తాలి. ఆ పది నిమిషాలూ నాయిన ఫోన్ ఎవరికీ ఇచ్చేవాడు కాదు. బూత్ ముందు గిరాకీ నిలబడి గొణుక్కుంటున్నా సరే, "ఫోన్ రానుంది" అనేవాడు. మనిషికి రెండు రూపాయలు తీసుకునేవాళ్ళం. అవి నావే.

నేను ఒక్కణ్ణే తిరిగొస్తే నాయిన ఒకే ప్రశ్న అడిగేవాడు. "పోయినవ్ సరే, ఏమన్నరు?" పోయిన అన్నది ఆయన లెక్కలో జవాబు కాదు. ఇంట్ల లేరంటే, లేరని ఎవరు చెప్పిండ్రు, ఎటు పోయిండ్రంట, ఎప్పుడొస్తరంట అని మూడు ముక్కలు తేవాలి. వాటిని నాయిన రెండోసారి ఫోన్ వచ్చినప్పుడు అవతలివాళ్ళకి అప్పజెప్పేవాడు.

1999 జూన్ 8, మంగళవారం. తేదీ గుర్తుండటానికి కారణం మీరూ ఊహించగలరు. కార్గిల్ యుద్ధం నడుస్తోంది, అక్కడ మాంచెస్టర్‌లో ప్రపంచకప్‌లో మనకీ పాకిస్తాన్‌కీ మ్యాచ్. రాత్రి ఫోన్ వచ్చింది. చెరువుకట్ట కింది అత్త కొడుకు. లారీ మీద షోలాపూర్‌లో ఉన్నాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. అమ్మను పిలవమన్నాడు. నాయిన పది నిమిషాలు చెప్పి నన్ను తోలాడు.

వాళ్ళిల్లు ఊరి చివర. దారిలో ఒక ఇంటి కిటికీలోంచి టీవీ కనిపిస్తుంది. వెంకటేశ్ ప్రసాద్ బౌలింగ్. ఆ రోజు అతను ఐదు వికెట్లు తీశాడు, అందులో ఎన్ని నేను ఆ కిటికీ ఊచలు పట్టుకుని చూశానో చెప్పలేను. తర్వాత ఎందుకో ఒళ్ళు జల్లుమని, వెనక్కి పరుగెత్తుకొచ్చి "ఇంట్ల లేరంట" అన్నాను. ఆయాసం మాత్రం నిజమైనదే.

నాయిన ఫోన్లో అదే చెప్పాడు.

ఆ తర్వాత మూడు వారాలు అతని ఫోన్ రాలేదు. అత్త రోజూ సాయంత్రం దుకాణానికొచ్చి, ఓ అగ్గిపెట్టె కొని, "పిలగాని ఫోనేమన్న వచ్చిందా అన్నా" అని అడిగేది. ఇంట్లో అగ్గిపెట్టెలు ఎన్ని పోగయ్యాయో. నాలుగో రోజో ఐదో రోజో నాయిన అన్నాడు: "మంగళారం వచ్చింది గద చెల్లె, నువ్వే ఇంట్ల లేవంట."

"మంగళారం నేనేడికి పోయిన? బియ్యం ఏరుకుంట గడపలనే కూసున్న."

నాయిన నా వైపు చూశాడు. నేను బిస్కెట్ల డబ్బా వైపు చూశాను. అత్తకి అర్థమైందో లేదో తెలీదు, అగ్గిపెట్టె కొంగుకి ముడేసుకుని వెళ్ళిపోయింది. నాయిన కొట్టలేదు. దుకాణం మూసేటప్పుడు మాత్రం అన్నాడు: "ఇగ నుంచి మనిషినన్న తోల్కరా, లేకుంటె ఆ ఇంట్లకెల్లి ఇంకొకల్లనన్న తోల్కరా. నీ నోటిమాట నాకొద్దు."

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పద్నాలుగేళ్ళుగా నేను జీతం తీసుకుని చేస్తున్న పని కూడా ఇదే. క్యాంపస్‌లో తీసుకున్న కంపెనీ ఐపీ టెలిఫోనీ ప్రాజెక్టులో వేసింది, అందులోనే ఉండిపోయాను. ఇంటర్నెట్ మీద ఫోన్ కాల్స్ నడిచే పద్ధతికి సిప్ అనే ప్రొటోకాల్ ఉంది. 2002లో ఆర్ఎఫ్‌సీ 3261గా వచ్చిన రూపమే ఇప్పటికీ దానికి పునాది. ఇద్దరు మాట్లాడుకోవడం అందులో తేలిక. ఒకరు ఇన్వైట్ పంపుతారు, అవతలివాళ్ళు ఎత్తితే 200 ఓకే వస్తుంది, మాటలైపోయాక ఎవరో ఒకరు బై అంటారు. నిజంగానే ఆ సందేశం పేరు బై. చిక్కంతా మూడోమనిషి వచ్చినప్పుడే.

కాల్ ట్రాన్స్‌ఫర్ అంటే బయటివాళ్ళు అనుకునేది ఒకటి, లోపల జరిగేది ఒకటి. రిసెప్షనిస్టు రెండు తీగల్ని తెచ్చి ముడివేసినట్టు మనం ఊహించుకుంటాం. సిప్‌లో తీగలూ లేవు, ముడీ లేదు. ట్రాన్స్‌ఫర్ చేసే ఫోన్ అవతలి ఫోన్‌కి రిఫర్ అనే సందేశం పంపుతుంది. నువ్వు ఫలానా నంబర్‌కి చేసుకో అని చెప్పడమే అది. దీన్ని 2003లో ఆర్ఎఫ్‌సీ 3515 ఖాయం చేసింది. దానికి జవాబుగా 202 వస్తుంది. 202 అంటే యాక్సెప్టెడ్. సరే, విన్నాను, ప్రయత్నిస్తాను అని. కాల్ కలిసిందని కాదు. కలిసిందో లేదో తర్వాత నోటిఫై అనే ఇంకో సందేశంలో వస్తుంది. మోగుతోంది అంటే 180, బిజీ అంటే 486, ఎత్తారంటే 200. ఆ కబురు వచ్చేదాకా ట్రాన్స్‌ఫర్ చేసినవాళ్ళు పాత కాల్‌ని హోల్డ్‌లో పట్టుకుని ఉంటే, అవతల ఎవరూ ఎత్తనప్పుడు మనిషిని మళ్ళీ తమ దగ్గరికి తెచ్చుకోగలరు.

పోయినవ్ సరే, ఏమన్నరు?

ఇంకో రకం ట్రాన్స్‌ఫర్ ఉంది. ముందు తనే మూడోమనిషికి ఫోన్ చేసి, ఫలానావాళ్ళు లైన్‌లో ఉన్నారు, మాట్లాడతారా అని అడిగి, ఊఁ అన్నాక అప్పగించడం. దీన్ని అటెండెడ్ అంటారు. ఏమీ అడక్కుండా విసిరేసేదాన్ని బ్లైండ్ అంటారు. ఆసుపత్రుల్లో, బ్యాంకుల్లో, కస్టమర్ కేర్లలో మనకి తగిలేవి ఎక్కువగా బ్లైండే. అది చవక. ఒక మనిషి ఒకేసారి రెండు చెవుల్లో వినక్కర్లేదు.

2021లో ఇంటినుంచి పని కాబట్టి ఊళ్ళోనే ఉన్నాను. ఒక స్నేహితుడి బావ ద్వారా పని తగిలింది. మా రోడ్డు మీదే ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రి. పేరు వద్దు. అసలు బిల్డింగ్ మొయినాబాద్‌లో, చేవెళ్ళలో ఒక క్లినిక్. (మొయినాబాద్‌లో అంతా చిన్నచిన్నగా ఎందుకుంటుందో ఆ దారిన వెళ్ళేవాళ్ళకి తెలుసు. గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల కోసం 1996లో వచ్చిన 111 జీవో. 84 ఊళ్ళలో కట్టడాల మీద ఆంక్షలు. పెద్దవి రాలేదు, ఫామ్‌హౌసులూ నర్సరీలూ ఫంక్షన్ హాళ్ళూ వచ్చాయి.) రెండుచోట్లా ఒకే ఫోన్ సిస్టమ్ కావాలన్నారు. వారాంతాల్లో చేసిపెట్టాను. డబ్బు తీసుకున్నాను, ధర్మానికేం కాదు.

మొదటి వారంలోనే ఒక తమాషా జరిగింది. చేవెళ్ళ క్లినిక్ రాత్రి తొమ్మిదికి మూస్తారు. ఆ తర్వాత అక్కడికొచ్చే కాల్స్ మొయినాబాద్ రిసెప్షన్‌కి మళ్ళేలా నేనే పెట్టాను. తొమ్మిదిన్నరకి ఎవరో చేసి చేవెళ్ళ డాక్టర్ కావాలన్నారు. రిసెప్షన్ అమ్మాయి చేవెళ్ళకి ట్రాన్స్‌ఫర్ చేసింది. చేవెళ్ళ మూసి ఉంది, కాల్ తిరిగి మొయినాబాద్ వచ్చింది. అమ్మాయి ఎత్తి మళ్ళీ హలో అంది. ఆయన మళ్ళీ చేవెళ్ళ అన్నాడు. మూడోసారికి ఇద్దరూ ఒకరి గొంతు ఒకరు గుర్తుపట్టారట.

యంత్రాలే ఇలా చేసుకుంటే దానికి సిప్‌లో ఒక మందు ఉంది. ప్రతి ఇన్వైట్ మీదా ఇంకా ఎన్ని గడపలు దాటొచ్చో ఒక అంకె ఉంటుంది, మామూలుగా 70. గడప దాటినప్పుడల్లా ఒకటి తగ్గుతుంది, సున్నా అయితే 483 అని వెనక్కి వస్తుంది. కానీ మధ్యలో ఉన్న యంత్రం పాత కాల్‌ని పక్కనపెట్టి తన పేరు మీద కొత్త కాల్ మొదలుపెట్టే రకమైతే, చాలాసార్లు ఆ లెక్క మళ్ళీ 70 నుంచి మొదలవుతుంది. ఆఫీసుల్లో ఉండే పీబీఎక్స్‌లు దాదాపు అన్నీ ఆ రకమే. మధ్యలో మనిషి ఉంటే అసలు లెక్కే లేదు.

కాఫ్కా 'ది కాజిల్'లో ఒక ఫోన్ ఉంటుంది. కోటలో తనకి జవాబు దొరికిందని కె. నమ్మకం. ఊరి పెద్ద ఆ నమ్మకం తీసేస్తాడు: కోటకి కాల్ చేస్తే కావలసినవాళ్ళకి కలిపే ఎక్స్చేంజీ అంటూ ఏమీ లేదు, అన్ని ఫోన్లూ మోగుతాయి, అలసిపోయిన గుమాస్తా ఎవడో సరదాకి ఎత్తి ఏదో అంటాడు, అదీ జవాబు. 1926లో, కాఫ్కా పోయాక, అచ్చయిన నవల. విమర్శకులు దాన్ని దేవుడితో, అధికారంతో, తండ్రితో పోల్చి చదివారు. అవన్నీ ఉండొచ్చు. బీమా సంస్థలో ఏళ్ళతరబడి ఉద్యోగం చేసిన మనిషి ఆఫీసు ఫోన్ల గురించి ఉన్నదున్నట్టు రాశాడని నా అనుమానం.

ఇక నా తప్పు దగ్గరికి వస్తాను.

రిసెప్షన్ కోసం చిన్న స్క్రీన్ ఒకటి నేనే రాశాను. డిపార్ట్‌మెంట్ పేరు మీద నొక్కితే రిఫర్ వెళ్తుంది. ట్రాన్స్‌ఫర్ అయితే ఆ గడి ఆకుపచ్చగా మారుతుంది. రిసెప్షన్ అమ్మాయికి బాగా నచ్చింది. ఒక్క నొక్కు, ఆకుపచ్చ, తర్వాతి కాల్.

దసరాకి ముందు ఒక ఆదివారం చెరువుకట్ట కింది అత్త మా ఇంటికొచ్చింది. ఇప్పుడు డెబ్భై దాటింది. కొడుకు లారీలు మానేసి చేవెళ్ళ మార్కెట్లో టమాటా కమీషన్ చేస్తున్నాడు. అమ్మతో ఏదో చెబుతూ మధ్యలో ఆసుపత్రి మాట ఎత్తింది. మామకి అంతకుముందు వారం అర్ధరాత్రి దమ్ము వచ్చిందట.

"ఫోను చేస్తే ఆ పిల్ల జర ఆగు పెద్దమ్మా అంటది. పాట వస్తది. పాట బందయితది. కట్టయితది. మూడుమాట్ల చేసిన బిడ్డా, మూడుమాట్ల గట్లనే. ఇగ లాభం లేదని ఆటోల ఏస్కపోయినం."

మామ బాగానే ఉన్నాడు. ఆక్సిజన్ పెట్టి, రెండు రోజులుంచి పంపారట. అత్తకి ఆ ఫోన్ల వెనక నేనున్నానని తెలీదు. అమ్మకి తెలుసు. చాయ్ పోస్తూ నావైపు చూడలేదు.

ఆ రాత్రి లాగ్స్ తీశాను. తేదీ, సమయం, అత్త కొడుకు నంబర్. పన్నెండూ నాలుగు, పన్నెండూ ఏడు, పన్నెండూ పదకొండు. మూడుసార్లూ రిఫర్ వెళ్ళింది. మూడుసార్లూ 202 వచ్చింది. నా ప్రోగ్రామ్ 202 చూడగానే గడిని ఆకుపచ్చ చేసి, ఆ వెంటనే బై పంపేసింది. నోటిఫైలు ఆ తర్వాత వచ్చాయి. 180, 180, తర్వాత నలభై సెకన్లకి ఎవరూ ఎత్తలేదని 480. వాటిని అందుకోవడానికి ఎవరూ లేరు. నేను రాసిన కోడ్ వాటిని చూసి పక్కన పడేసింది. పైన కామెంట్ కూడా రాసుకున్నాను, ఇది తర్వాత చూడాలి అని.

ఇంట్ల లేరంట.

అదే వారంలో అలాంటివి ఇంకెన్ని ఉన్నాయో లెక్కపెట్టాను. ఆ అంకె ఇక్కడ రాయను. సిగ్గుతో అనే అనుకోండి. ఒక నంబర్ నుంచి ఒకే రాత్రి ఆరుసార్లు ఉంది.

సరిచేయడం పెద్ద పనేం కాదు. 202కి గడి పసుపు, 200 నోటిఫై వస్తేనే ఆకుపచ్చ, అప్పుడే బై. వేరే ఏదొచ్చినా కాల్ హోల్డ్‌లోంచి తిరిగి రిసెప్షన్‌కి, గడి ఎరుపు, చిన్న మోత. దాంతోపాటు ఇంకోటి చేశాను. అంతవరకు క్యాజువాలిటీ ఫోన్ మీద రిసెప్షన్ నంబర్ కనిపించేది, లైన్ తెగితే డ్యూటీ నర్సు రిసెప్షన్‌కే తిరిగి చేసేది. ఇప్పుడు అసలు పేషెంట్ నంబర్ కనిపిస్తుంది. పనిలోపనిగా ఎవరి అనుమతితో ట్రాన్స్‌ఫర్ జరగాలో కూడా బిగించాను. ఆస్టరిస్క్ లాంటి వాటిలో దీనికి ట్రాన్స్‌ఫర్ కాంటెక్స్ట్ అని విడిగా ఒక వేరియబుల్ ఉంటుంది. అది వదిలేస్తే బయటినుంచి వచ్చినవాడు ట్రాన్స్‌ఫర్ దారిలో దూరి మన లైన్ మీద ఏ దేశానికో కాల్ చేసుకుని పోవచ్చు. మా బూత్ ఫోన్‌కి రాత్రిళ్ళు నాయిన వేసే చిన్న తాళం గుర్తొచ్చింది.

వారం తిరక్కుండా రిసెప్షన్ అమ్మాయి ఫోన్.

"సార్, మీరు మార్చినకాడి నుంచి కాల్స్ అన్నీ నాకే వాపస్ వస్తున్నయి."

"అటు ఎత్తకపోతే వస్తాయి కదమ్మా."

"అటు ఎవరున్నరు సార్? రాత్రి క్యాజువాలిటీల ఒక్కతే సిస్టర్. బెడ్ కాడ ఉంటే ఫోన్ ఎట్ల ఎత్తుతది? ఇంతకుముందు నాకు తెల్వకపోయేది."

ఆమె చివరి మాట దగ్గర నేను కాసేపు ఏమీ అనలేకపోయాను. ఇంతకుముందు ఆమెకి తెలియకపోవడానికి కారణం నా ఆకుపచ్చ గడి. ఆసుపత్రికి రాత్రి ఇంకో మనిషి కావాలన్న సంగతిని నెలల తరబడి నా ప్రోగ్రామ్ దాచిపెట్టింది. అత్తతో ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు, ఆగమనే చెప్పింది. ఆమెకి అబద్ధం చెప్పింది నేను.

తర్వాత మేనేజర్ పిలిచాడు. మర్యాదస్తుడే. చాయ్ తెప్పించాడు. "ఇదంతా ఆటోమేటిక్ కదన్నా, ముందు మంచిగనే ఉండె. కంప్లైంట్లు లేకుండె. పాతట్లనే పెట్టేస్తే అయిపోదా?"

ఆటోమేటిక్ అన్నమాటకి ఒక పుట్టుకథ ఉంది. అమెరికాలో కాన్సస్ సిటీలో ఆల్మన్ స్ట్రోజర్ అని శవపేటికలు, అంత్యక్రియల వ్యాపారి ఉండేవాడు. తనకి రావలసిన కాల్స్‌ని ఎక్స్చేంజీలో ఉన్న ఆపరేటర్ పోటీదారుకి కలుపుతోందని, ఆమె ఆ పోటీదారు భార్యే అని అతని అనుమానం అంటారు. కథలో ఎంత నిజమో గానీ, 1891లో అతనికి దొరికిన పేటెంట్ మాత్రం నిజం. ఆపరేటర్ లేకుండా తనంతట తానే కలిపే ఎక్స్చేంజీ. మరుసటి ఏడే ఇండియానాలోని లా పోర్ట్‌లో మొదటిది పెట్టారు. మనందరి ఫోన్లూ అక్కణ్ణుంచి వచ్చినవే. స్ట్రోజర్ బాధ నాకు అర్థమవుతుంది, మధ్యలో ఉన్న మనిషి ఏంచేయగలదో నేనూ పదకొండేళ్ళప్పుడు చేసి చూపించాను. కానీ ఆమె లేకుండా పోవడంతో, అటు ఎవరూ ఎత్తడంలేదండీ అని వెనక్కొచ్చి చెప్పే గొంతు కూడా పోయింది. దాన్ని మళ్ళీ తేవడానికి వందేళ్ళ తర్వాత మేం నోటిఫై అని ఒక సందేశం కనిపెట్టాం, నాలాంటివాడు దాన్ని తర్వాత చూద్దామని పక్కనపెట్టాడు.

ఇదంతా మేనేజర్‌కి చెప్పలేదు. పాతట్ల పెట్టనన్నాను. అలాగైతే వేరేవాళ్ళని చూసుకుంటామన్నాడు, కోపంగా కాదు. చూసుకోండి, కానీ వాళ్ళు వచ్చేదాకా ఇలాగే ఉంటుందన్నాను. నడుమ ఒక దారి పెట్టాం. ఎర్రగడి రెండుసార్లు వస్తే సిస్టర్ మొబైల్, అంబులెన్స్ డ్రైవర్ మొబైల్ రెండూ ఒకేసారి మోగుతాయి. డ్రైవర్ ఎత్తినా చాలు, కనీసం మనిషి గొంతు. రాత్రికి రెండో సిస్టర్‌ని పెట్టుకోమని ఒక కాగితం మీద లాగ్స్ ప్రింటు తీసి ఇచ్చాను. టేబుల్ మీద పేపర్‌వెయిట్ కింద పెట్టాడు.

అత్తకి నేను ఏమీ చెప్పలేదు. 1999 సంగతీ చెప్పలేదు, ఇదీ చెప్పలేదు. ఒకసారి చెబుదామని వాళ్ళింటికి వెళ్ళాను. మామ మంచం మీద కూర్చుని టీవీ చూస్తున్నాడు. అత్త నాకు మక్కజొన్న కంకి కాల్చి ఇచ్చింది. కొడుకు ఆ షోలాపూర్ ఫోన్ ఎందుకు చేశాడో ఇన్నేళ్ళూ అడగలేదు, ఆ రోజూ అడగలేదు. తిని వచ్చేశాను.

నవంబర్‌లో ఒక రాత్రి హైదరాబాద్ నుంచి వస్తూ మర్రిచెట్ల కింద బండి ఆపి ఆసుపత్రికి ఫోన్ చేశాను. పరీక్ష చేద్దామనే. పన్నెండు దాటింది. అమ్మాయి ఎత్తింది, నన్ను గుర్తుపట్టలేదు. క్యాజువాలిటీ అన్నాను. ఒక్క నిమిషం అంది, పాట మొదలైంది. నేను లెక్కపెడుతున్నాను. ఐదు మోతలు, పది, పదమూడు. పాట ఆగింది.

"లైన్‌లనే ఉన్నరా సార్? ఎత్తుతలేరు. కట్ చెయ్యకుండ్రి, నేను పోయి పిల్చుకొస్త."

నేనేనమ్మా, ఊరికే చూస్తున్నాను అని చెప్పేలోపే రిసీవర్ టేబుల్ మీద పెట్టిన చప్పుడైంది. తర్వాత చెప్పుల చప్పుడు, టపటపమని, కారిడార్ వెంబడి దూరమవుతూ.